ఏ జాతి అండీ?

ఆదివారం పొద్దున కుక్కల డాక్టరు దగ్గర బెంచీ మీద కూర్చుంటే మన పేరు ఎవరూ అడగరు. పక్కాయన ఒళ్లో షిట్జూ. ఎదురుగా నేలంతా తనదే అన్నట్టు పరుచుకున్న గోల్డెన్ రిట్రీవర్. మూలన ఫ్యాను కింద ఎగశ్వాస తీస్తున్న పగ్. మా మల్లిని చూసి పక్కాయన అడిగిన మొదటి మాట, "ఏ జాతి అండీ?" "ఊర కుక్కేనండీ" అన్నాను. "అయ్యో, అలాగా!" అన్నాడు. పిల్లాడు ఇంటర్ తప్పాడని తెలిసినప్పుడు పెద్దవాళ్లు అనే అయ్యో అది. కాసేపటికి తేరుకుని, "వీటికి రోగాలు రావంటారు లెండి" అని ఓదార్చాడు. ఆ రోజు మల్లిని తీసుకెళ్లింది గోమార్ల జ్వరానికి. అంటే ఆ ఓదార్పు కూడా పూర్తిగా నిజం కాదు.

మన ఇళ్లలో కుక్కను తెచ్చుకోవాలనుకోగానే మొదట తేలేది జాతి. తర్వాత రంగు. తర్వాత ఆడా, మగా. పగలు ఇంట్లో ఎవరుంటారు, రోహిణి కార్తెలో దాన్ని ఎక్కడ పడుకోబెడతాం, రాత్రి పదింటికి వానలో ఐదో అంతస్తు నుంచి కిందికి ఎవరు తీసుకెళ్తారు అన్నవి కుక్క గుమ్మం తొక్కాక గుర్తొస్తాయి. ఈ వరస తలకిందులుగా ఉందన్నదే నా గొడవ. స్వర్గం వాకిలి దాకా ధర్మరాజు వెంట నడిచిన కుక్క ఏ జాతిదో భారతంలో ఎక్కడా లేదు. ధర్మరాజుకు అక్కర్లేకపోయింది.

జాతంటే అసలు ఏమిటో చూద్దాం. కుక్కల్లో జాతి పేరు చాలావరకు పని పేరు. లాబ్రడార్ పూర్వీకులు కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్లాండ్ జాలరుల వెంట చన్నీళ్లలో దూకి వలలు లాగినవి. డాక్సండ్‌కి ఆ పొట్టి కాళ్లు బొరియల్లో దూరి బ్యాడ్జర్‌ని పట్టడానికి. హస్కీ సైబీరియాలో చుక్చీ ప్రజల మంచు బండ్లు లాగింది. డోబర్‌మన్ కథ నాకు మరీ ఇష్టం. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలోని అపోల్డా ఊళ్లో డోబర్‌మన్ అనే ఆయన పన్నులు వసూలు చేసేవాడు. డబ్బు సంచీతో తిరిగేవాడు కాబట్టి కాపలాకు ఒక కుక్క కావలసి వచ్చింది. ఊళ్లో వీధి కుక్కల్ని పట్టి ఉంచే దొడ్డి కూడా ఆయన చేతి కిందే ఉండేదంటారు. అదే నిజమైతే ఇవాళ కాగితాలు చూపించి అమ్మే ఆ జాతికి మూలపుటమ్మలు దొడ్డి కుక్కలే.

1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ పుట్టింది. మన దేశంలో కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా 1896 నాటిది. ప్రదర్శనలు పెరిగిన కొద్దీ కుక్క చేసే పని పక్కకు పోయి, చెవి ఎలా వాలాలి, తోక ఎంత వంపు తిరగాలి, ముక్కు ఎంత లోపలికి పోవాలి అన్నవి ముందుకొచ్చాయి. ముక్కు లోపలికి పోతే కుక్కకు ఊపిరి ఎలా ఆడుతుందన్నది ఆ కొలతల్లో లేదు. మనకు పట్టినట్టు కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. ఒంట్లో వేడి దిగాలంటే దానికి వగర్పే దారి. బెంచీ మూలన పగ్ చేస్తున్న పని అదే, ఇరుకు గొట్టంలోంచి.

లాబ్రడార్‌ది మరో రకం. "మా వాడు భోజనప్రియుడండీ" అని యజమానులు మురిసిపోతుంటారు. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 2016లో దాని వెనక ఒక జన్యువును చూపించారు. పీఓఎంసీ అనే ఆ జన్యువులో ఒక ముక్క లోపించడం వల్ల కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగ్గా చేరదు. దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఈ లోపం ఉంది. బిస్కెట్టు కోసం దీనంగా చూసే ఆ కళ్లకు లొంగిపోతే, తుంటి కీళ్లు ముందే బలహీనంగా ఉండే జాతి మీద ఇంకో పది కిలోలు ఎక్కించినట్టే.

ఇంతకీ జాతిని బట్టి స్వభావం చెప్పొచ్చా? కొంత చెప్పొచ్చు. మనం అనుకున్నంత మాత్రం కాదు. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనానికి పద్దెనిమిది వేల పైచిలుకు కుక్కల యజమానులను ప్రశ్నలడిగారు, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను పరీక్షించారు. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ మధ్య ప్రవర్తనలో ఉన్న తేడాలో జాతి వల్ల వచ్చింది సుమారు 9 శాతమే అని తేలింది. చెప్పిన మాట వినడం లాంటి గుణాల్లో జాతి పాత్ర కాస్త ఎక్కువ కనిపించింది. ఎంత త్వరగా చిరాకు పడుతుంది, ఎప్పుడు మీదికొస్తుంది అన్నవి జాతి పేరుతో దాదాపు అంతు చిక్కలేదు. రూపం మాత్రం చాలావరకు జాతిదే. అంటే వేలకు వేలు పోసి మనం కచ్చితంగా కొనుక్కునేది చెవులూ, బొచ్చూ, రంగూ. స్వభావం లాటరీ.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వైలర్ సహా 23 జాతుల్ని, వాటి సంకరాల్ని ప్రమాదకరమైనవిగా లెక్కించి అమ్మకాలు, పెంపకం ఆపమని రాష్ట్రాలకు రాసినప్పుడు నాకు ఈ 9 శాతమే గుర్తొచ్చింది. సంబంధిత వర్గాలతో సంప్రదించలేదంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లోనే దాన్ని కొట్టేసింది. రాట్‌వైలర్‌ను రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో గొలుసుకు కట్టేసి, పిల్లలకు అదొక ఆటబొమ్మ అనుకునేవాళ్లను వెనకేసుకు రావడం లేదు. నలభై కిలోల కుక్క కరిస్తే ఆ గాయం పొమేరియన్ కాటు లాంటిది కాదు, నిజమే. కానీ గొలుసు వదిలేసి జాబితా పట్టుకోవడం, కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడం లాంటిదే.

ఇక మన వాడుక సంగతి. మా చిన్నప్పుడు డబ్బున్న ఇంటి గేటు లోపల ఉండేది 'బొచ్చు కుక్క'. దాన్ని పొమేరియన్ అనేవాళ్లం. నిజానికి మన దగ్గర ఆ పేరుతో తిరిగినవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. 1994లో 'హమ్ ఆప్ కే హై కౌన్'లో టఫీగా వేసిందీ అదే. తర్వాత 2003లో హచ్ సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చింది. పగ్ అన్న పేరు ఎంతమందికి తెలుసో గానీ 'హచ్ కుక్క' అంటే ఊరూరా తెలుసు. పిల్లాడు ఎటు పోతే అటు వెంట నడిచే ఆ బుల్లి కుక్క కోసం జనం వెర్రెత్తిపోయారు. టీవీలో అది ఎంచక్కా పరుగెత్తింది. విజయవాడ ఎండలో పరుగెత్తమంటే ఏమవుతుందో ఆ ప్రకటనలో చూపలేదు. ఆ మోజు తగ్గేసరికి హస్కీ వచ్చింది, నీలికళ్లతో. రెండు పొరల బొచ్చు దానిది. ఏసీ గదిలో పెంచుతున్నామండీ అంటారు. రోజుకు కిలోమీటర్ల కొద్దీ బండి లాగడానికి పుట్టిన ఒంటిని ఏసీ గదిలో పెడితే అది సోఫాను లాగుతుంది, తలుపులు గీకుతుంది, రాత్రంతా ఊళ పెడుతుంది. అప్పుడు కింది ఫ్లాట్ వాళ్లు వస్తారు. 2022లో '777 చార్లీ' తెలుగులో చూసొచ్చి మా వీధి పిల్లలు లాబ్రడార్ కావాలని మారాం చేశారు. ఆ సినిమా మొదలయ్యేదే దొంగచాటుగా కుక్కల్ని ఈనించి అమ్ముకునేవాడి కొట్టంలోంచి తప్పించుకొచ్చిన కుక్కతో. ఆ ముక్క ఎవరికీ పట్టలేదు.

విదేశీ జాతులు మనకెందుకు, దేశీ జాతులున్నాయిగా అనే మాట 2020 ఆగస్టులో ప్రధాని 'మన్ కీ బాత్'లో ముధోల్, రాజపాళయం, చిప్పిపారై పేర్లు ఎత్తాక బాగా ఊపందుకుంది. వీటిలో ముధోల్, రాజపాళయం 2005లోనే తపాలా బిళ్లలెక్కాయి. రాజపాళయంతో మనకు చుట్టరికం ఉంది. తరాల కిందట తెలుగు నేల నుంచి వెళ్లి తమిళనాడులో స్థిరపడ్డ రాజుల ఊరది. అయితే పాలలాంటి తెలుపు కోసం పట్టుబట్టి జతకట్టించడంతో ఆ జాతిలో పుట్టు చెవుడు కనిపిస్తుంది. అందం కోసం కుక్క ఒంటితో ఆడుకోవడం తెల్లవాళ్ల గుత్తసొత్తేమీ కాదు.

మనవే రెండున్నాయి, వాటి పేరు మనలోనే చాలామందికి తెలియదు. ఒకటి కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గరి పందికోన ఊరి కుక్క. వేటకూ, పొలం కాపలాకూ పేరుబడ్డది. రెండోది జోనంగి. పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు, ఎప్పుడూ ఏదో లెక్క తప్పినట్టు ఆలోచిస్తున్న ముఖం. కొల్లేరు చుట్టూ బాతుల మందల్ని కాసేది ఇదే. మామూలుగా మొరగదు, రాగం తీసినట్టు కూత పెడుతుంది. నేలలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకుంటుంది. కొల్లేరులో చేపల చెరువులు పెరిగాయి, బాతుల మందలు తగ్గాయి, వాటితోపాటు జోనంగికి పని పోయింది. పని పోతే జాతి ఎలా పలచబడుతుందో చూడటానికి విక్టోరియా కాలం నాటి ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు, కైకలూరు దాకా పోతే చాలు. దాన్ని నిలబెట్టాలని తపించేవాళ్ల మీద నాకు గౌరవం. కానీ నిలబెట్టడమంటే గచ్చిబౌలి పదమూడో అంతస్తులో పెంచడం కాదు. గొయ్యి తవ్వే కుక్కకు మార్బుల్ గచ్చు ఇస్తే ఏం చేసుకుంటుంది?

కొనడం ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. 2017 నాటి కేంద్ర నిబంధనలు కాగితం మీద బాగున్నాయి. కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లి కుక్క ఏడాదికి ఒక ఈతకు మించి, జీవితంలో ఐదింటికి మించి ఈనకూడదు. మార్కెట్లో నడిచేది నలభై ఐదు రోజుల లెక్క. "నలభై ఐదు రోజులైంది, తీసుకెళ్లండి" అంటారు, చాలాసార్లు అదీ నిండదు. ఆ మిగతా పదకొండు రోజులూ ఊరికే పెట్టినవి కావు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది తోబుట్టువులతో ఆడుతూనే.

పన్నెండేళ్ల కిందట నేనూ అలా కొన్నవాణ్ణే. నగరంలో ఒకాయన మేడ మీది గదిలోంచి లాబ్రడార్ పిల్లను అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. తల్లిని చూపించమంటే పడుకుందన్నాడు. మూడో రోజు వాంతులు, నాలుగో రోజు రక్తవిరేచనాలు, పార్వో అన్నారు. సెలైన్ ఎక్కించాం. ఎనిమిదో రోజు పోయింది. ఫోన్ చేస్తే ఆయన పాపం అన్నాడు, వెంటనే, "సగం రేటుకు ఇంకోటి ఇస్తాను సార్, ఇదే తల్లిది" అన్నాడు. ఆ పడుకున్న తల్లి ఎన్నిసార్లు పడుకుందో ఆ పూట మొదటిసారి ఆలోచించాను.

అందుకే రెండోసారి షెల్టర్‌కి వెళ్లాను. మన షెల్టర్లను గురించి ఒక అపోహ ఉంది, అమెరికా వీడియోలు చూసి వచ్చింది. 1860లో లండన్‌లో మొదలైన బాటర్‌సీ హోమ్ నుంచి ఇవాళ్టి అమెరికన్ కౌంటీ షెల్టర్ల దాకా అక్కడి ఏర్పాటు వేరు. అక్కడ వీధిలో కుక్క ఉండటానికి లేదు. పట్టుకొస్తారు, ఎవరైనా తీసుకెళ్తే సరి, చోటు చాలకపోతే చాలాచోట్ల చంపేస్తారు. డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుకు అలాంటి చోటు నుంచే ఒకదాన్ని తెచ్చుకున్నాడు. బోను మీద 'లాబ్రడార్ మిక్స్' అని రాసుందట. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఆరు జాతులు తేలాయి, అందులో లాబ్రడార్ లేదు. చూసి చెప్పే జాతులు డీఎన్ఏ ఫలితాలతో తరచూ కలవవని అక్కడి పరిశోధనలే తేల్చాయి. మన దేశంలో ఆరోగ్యంగా ఉన్న వీధి కుక్కను చంపడం చట్టరీత్యా కుదరదు. సంతాన నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి గాటు పెట్టి, పట్టిన చోటే వదలాలన్నది 2001లో వచ్చిన పద్ధతి. 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన హైదరాబాద్ బ్లూ క్రాస్ అయినా, 1996 నుంచి ఉన్న విశాఖ ఎస్‌పీసీఏ అయినా ముందు ఆసుపత్రులు, తర్వాతే దత్తత కేంద్రాలు. కాబట్టి మన షెల్టర్‌లో మిగిలిపోయేవి మూడు రకాలు: తల్లి లేని పిల్లలు, వీధికి తిరిగి పోలేని కుంటివీ గుడ్డివీ, ఇంకా జనం వదిలేసిన జాతి కుక్కలు.

నేను వెళ్లిన చోటు నగర శివార్లలో, రేకుల కింద. గేటు పక్కనే ఒక హస్కీ, ఔటర్ రింగు రోడ్డు కంచెకు ఎవరో కట్టేసి పోతే తెచ్చారట. దాని వెనక రెండు పగ్‌లు, ఒక కన్ను పోయిన బీగిల్. లోపలంతా మనవే. అక్కడ కుక్కలకు అన్నం పెట్టే ఆవిడ నన్ను వెంట తిప్పింది. ఏ కుక్క దగ్గరా జాతి చెప్పలేదు. "ఇది పిల్లలను జూస్తే ఉరికొస్తది. ఇది ఇంకో కుక్క గిన్నెకాడికొస్తే ఊకోదు. గదేమో సప్పుడైతే ఉచ్చ పోస్కుంటది, దీపావళికి జర కష్టం. ఇది మనిషి పక్కన కూసుంటె చాలు, ఇంకేం అడ్గది." ఏ వెబ్‌సైటులోనూ, ఏ జాతి పట్టికలోనూ దొరకని సంగతులు ఒక్క పావుగంటలో చెప్పేసింది. పెద్ద కుక్కతో ఉన్న లాభమే అది. రెండు నెలల పిల్ల ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. నాలుగేళ్ల కుక్క ఏమిటో రోజూ దానికి అన్నం పెట్టేవాళ్లకు తెలుసు.

"మరి ఎవరూ పెద్దవాటిని తీసుకోరా?" అన్నాను. నవ్వింది. "అందరికి చిన్న పిల్లలే గావాలె. అండ్ల మగదే గావాలె. ఆడదైతే పిల్లలు వెడ్తదని భయం. ఆపరేషన్ అయింది తల్లీ అన్నా ఇనరు. నల్లదైతె అస్సలే వద్దంటరు, మా అత్త ఒప్పుకోదంటరు." కడపటి గదిలో ఒక నల్ల ఆడకుక్క ఉంది, ముందు కాలు ఒకటి లేదు. అన్ని అనర్హతలూ ఒక్కదానికే. గేటు చప్పుడైన ప్రతిసారీ మూడు కాళ్ల మీద లేచి ఊచల దగ్గరికి వస్తోంది. నేనూ దాన్ని తీసుకోలేదు. మాది లిఫ్టు లేని మూడో అంతస్తు అని నాకు నేను చెప్పుకున్నాను.

'పక్కన కూసుంటె చాలు' అన్నదాన్ని తెచ్చుకున్నాను. అదే మల్లి. షెల్టర్‌ వాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అంటారు: మొదటి మూడు రోజులు భయం తగ్గడానికి, మూడు వారాలు ఇంటి వేళలు తెలియడానికి, మూడు నెలలు ఇది నా ఇల్లు అనిపించడానికి. మల్లి ఆ లెక్కను లెక్కచేయలేదు. పదకొండు రోజులు మంచం కింద నుంచి రాలేదు. అన్నం గిన్నె మంచం కిందికే తోసేవాళ్లం. చీపురు చూస్తే వణుకు. ఇప్పటికీ పనావిడ వచ్చే వేళకు బాల్కనీలోకి వెళ్లిపోతుంది. ఈ పదకొండు రోజుల్లోనే చాలామంది కుక్కను వెనక్కి ఇచ్చేస్తారట. పుణ్యం చేశాం కదా, కృతజ్ఞత చూపించాలి కదా అనుకుంటారు. కుక్కకు ఆ పుణ్యం గొడవ తెలియదు, కొత్త ఇల్లు అంటే దానికి ముందు కొత్త భయం. షెల్టర్లూ కొన్నిసార్లు తొందరపడి అంటగడతాయి, జబ్బు దాస్తాయి. తీసుకునేముందు రక్తపరీక్ష చేయించమనడంలో తప్పేమీ లేదు, గోమార్లు తెచ్చే ఎర్లిషియా బయటికి కనిపించకుండా నెలల తరబడి ఉంటుంది. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు కుక్కలు వద్దని తీర్మానం చేశామంటే, అలాంటి నిషేధం చెల్లదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలున్నాయి. కాగితం చూపించండి. దానికి ముందు మెట్ల మీద మలం తీసే సంచీ కూడా చూపించండి.

దత్తతతో వీధి కుక్కల సమస్య తీరుతుందని మాత్రం ఎవరైనా అంటే నమ్మకండి. 2019 పశుగణనలో దేశంలో వీధి కుక్కలు కోటీ 53 లక్షలు. 2024లో ఆసుపత్రుల్లో నమోదైన కుక్కకాట్లు 37 లక్షల పైమాటే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాణ్ణి కుక్కలు చంపిన వీడియో చూసినవాళ్లతో కుక్కల మంచితనం గురించి మాట్లాడటానికి నాకు నోరు రాదు. ఆపరేషన్లూ, టీకాలూ, చెత్తకుప్పలు ఎత్తడమూ చేయాల్సిన పని. దత్తత దాని పక్కన చిన్న సాయం. 2025 ఆగస్టు 11న ఢిల్లీ కుక్కల్నన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న సుప్రీంకోర్టు, ఆగస్టు 22న దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా అయ్యాక తిరిగి వదలమంది. ఆ ఉత్తర్వులో ఎక్కువమంది పట్టించుకోని వాక్యం ఒకటుంది: ఎవరైనా వీధి కుక్కను దత్తత తీసుకోవాలంటే మునిసిపల్ సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, దాన్ని మళ్లీ వీధిన పడేయకుండా చూసే బాధ్యత దత్తత తీసుకున్నవాళ్లదే. అదే నెలలో జీహెచ్ఎంసీ హైదరాబాద్‌లో ఊరకుక్క పిల్లల దత్తత శిబిరం పెట్టింది. పేరులోనే ఉంది, పిల్లలవి. పెద్దవాటిని అక్కడికి తేలేదు.

పోయిన నెల పాత దుప్పట్లు ఇవ్వడానికి మళ్లీ ఆ షెల్టర్‌కి వెళ్లాను. హస్కీ వెళ్లిపోయింది. ఫొటో పెట్టిన వారంలోనే బోలెడు ఫోన్లు వచ్చాయట, అందరూ ముందు అడిగింది కాగితాలున్నాయా అని. మూడు కాళ్ల నల్లది అక్కడే ఉంది. గేటు చప్పుడుకు ఇప్పుడు లేవడం లేదు. గిన్నెల చప్పుడుకే లేస్తోంది.